పైన పెట్టిన పళ్ళెం

ఏప్రిల్ నెల రాగానే మన వారపత్రికలు ప్రయాణానికి సామాను ఎలా సర్దుకోవాలో బోధిస్తూ ఒక పుట కేటాయిస్తాయి. ఊటీకి వెళ్ళేవారు ఉన్ని బట్టలు మరచిపోరాదట. పిల్లల కోసం బిస్కెట్ల డబ్బా చేతిసంచిలోనే ఉండాలట. హోల్డాల్ పట్టీలను ముందురోజే లాగి చూసుకోవాలట. ఈ సలహాల్లో తప్పు లేదు. వేసవి సెలవులు అందరికీ ఒకటే అన్న ఊహలో తప్పుంది. హనుమకొండలోని ఒక ప్రభుత్వ బాలికల వసతిగృహంలో ఏటా అరవై మంది ఆడపిల్లల సామాను సర్దిన మనిషి ఒకరున్నారు. ఆమె ఆ పుటలను చదవలేదు. ఆమెకు చదువు రాదు. అయితే సర్దడం గురించి ఆమెకు తెలిసినదానిలో సగం కూడా ఆ పుటలు రాసేవారికి తెలియదని రుజువు చేయడం కష్టం కాదు. ఆమె పేరు యాకమ్మ.

యాకమ్మది రఘునాథపల్లి దగ్గరి పల్లె. తండ్రి సారయ్య కిరాయికి ఎడ్లబండి తోలేవాడు. రెండేళ్ళకొకసారి మేడారం జాతర వచ్చిందంటే ఆయన బండికి తీరిక ఉండేది కాదు. ఒక కుటుంబం వారం రోజులపాటు అడవిలో బతకడానికి కావలసినదంతా, అంటే బియ్యం, గిన్నెలు, నీళ్ళ కుండలు, కోళ్ళు, చంటిపిల్లలు, నడవలేని ముసలమ్మతో సహా, ఒకే బండి మీద ఇమడాలి. ఎనిమిదేళ్ళ యాకమ్మ పక్కన నిలబడి తాడు అందించేది. తండ్రి ఆమెకు నేర్పినవి రెండే సూత్రాలు.

"ముందట బరువైతే ఎద్దుల మెడలు ఇరుగుతయి. ఎనుక బరువైతే కాడి పైకి లేస్తది. బరువు ఇరుసు మీద కూసోవాలె బిడ్డా."

రెండవది ఇంకా పొట్టిది. "ముందుగాల అక్కరొచ్చేది ఆఖరుకు ఎక్కియ్యాలె."

ఈ రెండు సూత్రాలతోనే ఆమె జీవితమంతా సాగిందంటే అతిశయోక్తి కాదు. భర్త పోయిన తరువాత, 1972లో, ఆమె ఆ వసతిగృహంలో ఆయాగా చేరింది. నియామక పత్రం ప్రకారం ఆమె పని ఊడవడం, నీళ్ళు తోడడం, వంటమనిషికి సాయం చేయడం. పిల్లల సామాను సర్దే పని ఏ పత్రంలోనూ లేదు. ఆ పనిని ఆమె స్వయంగా, ఎవరూ అడగకుండా, మొదటి వేసవిలోనే తలకెత్తుకుంది. దానికి కారణం ఉంది.

ఆ వసతిగృహపు పిల్లల్లో ఎక్కువమంది ములుగు దాటిన పల్లెలవాళ్ళు. ఏటూరునాగారం చుట్టుపక్కల కూలి చేసి బతికే ఇండ్ల బిడ్డలు. ప్రభుత్వం ఒక్కొక్కరికి ఒక రేకు పెట్టె ఇచ్చింది. రేకు పెట్టెను మోయడానికి బండి కావాలి, కూలీ కావాలి, కనీసం గడప దాకా వచ్చే రోడ్డు కావాలి. ఆ పిల్లలకు ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేదు. బస్సు ఒక అడ్డరోడ్డు మీద దింపి పోతుంది. అక్కడినుంచి మూడు కోసులో నాలుగు కోసులో, అంటే ఆరో ఎనిమిదో మైళ్ళు, నడక; మధ్యలో ఒక వాగు. 1972 వేసవిలో ఒక పిల్ల తన పెట్టెను మోయలేక బాట పక్క తుప్పలో దాచి ఇంటికి పోయిందని, మర్నాడు వచ్చి చూస్తే పెట్టె లేదని యాకమ్మ విన్నది. పెట్టె పోగొట్టినందుకు ఆ పిల్ల చేత క్షమాపణ రాయించుకున్నారు. మోయలేని బరువును పన్నెండేళ్ళ పిల్ల నెత్తికెత్తినవారి చేత ఎవరూ క్షమాపణ రాయించలేదు.

అప్పటినుంచి యాకమ్మ పెట్టెలను కదలనివ్వలేదు. "పెట్టె గదికి, మూట బాటకు" అని తేల్చింది. సెలవులకు ముందు రెండు రోజులు వరండాలో కూర్చుని ఒక్కొక్క పిల్లను పిలిచి మూట కట్టించేది. పుస్తకాలు అడుగున, నడిమధ్యలో. వాటి చుట్టూ బట్టలు. కొబ్బరినూనె సీసా మూతికి గుడ్డ చుట్టి, అన్నిటికీ దూరంగా, ఒక మూలన. దువ్వెన, సబ్బు పైన. తినేది మూటలో ఉండరాదు, చేతిలో ఉండాలి. అదీ ఎండకు పాసిపోయే అన్నం కాదు, జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ముడి ఒక్క గుంజుకు విడిపోవాలి గాని బస్సు కుదుపుకు విడిపోరాదు. కట్టిన మూటకు పరీక్ష ఉండేది. పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని ఆవరణలోని వేపచెట్టు చుట్టూ మూడుసార్లు తిరగాలి.

"యాకవ్వా, ఇంకొక్క లంగ పెట్టుకుంట. మా చెల్లెకు సూపెట్టాలె."

"పెట్టుకో బిడ్డా. పెట్టుకోని మూడు సుట్లు తిరుగు."

రెండో చుట్టులోనే ఆ పిల్ల ఆగిపోయేది.

"ఏమైంది? లంగ బరువైందా, సోకు బరువైందా?"

"మెడ గుంజుతాంది అవ్వా."

"బస్సు దిగినంక ఎన్ని కోసులు?"

"మూడు."

"మరి గా మూడు కోసులు మీ చెల్లె ఎదురొచ్చి మోస్తదా? తియ్యి, తియ్యి. నూనె సీస ఏడ పెట్టినవ్? పుస్తకాల పక్కనా! ఇగ నీ లెక్కల పుస్తకం నెత్తికి రాసుకోని దువ్వుకో."

వరండా అంతా నవ్వు. లంగా పెట్టెలోకి తిరిగి వెళ్ళేది.

ఇంతవరకు యాకమ్మ నేర్పు తండ్రిది. ఆమె సొంతంగా కనిపెట్టినది మరొకటి ఉంది. దానికి నాలుగేళ్ళ పరిశీలన పట్టింది. 1974లో కట్టమ్మ అనే పిల్ల, మంచి తెలివిగలది, తన వస్తువులన్నీ, చివరికి విరిగిన అద్దం ముక్కతో సహా, మూట కట్టుకుని పోయింది. జూన్‌లో రాలేదు. మరుసటి ఏడు రానివాళ్ళు పదిమంది. యాకమ్మకు అక్షరాలు రావు గాని ముఖాలు మరచిపోదు. ప్రతి జూన్‌లోనూ రానివాళ్ళ ముఖాలు గుర్తు తెచ్చుకునేది, ఏప్రిల్‌లో వాళ్ళ మూటలు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకునేది. అన్నీ తీసుకుపోయినవాళ్ళు చాలామంది రాలేదు. ఏదో ఒకటి ఇక్కడ వదిలినవాళ్ళు చాలామంది వచ్చారు.

ఇందులో మాయ లేదు. ఆ పల్లెల్లో మే నెల అంటే బీడీలకు తునికాకు కోసే నెల. బడిలో "సెలవులు" అని పిలిచేదాన్ని అక్కడ పని అని పిలుస్తారు. తునికాకు తరువాత దుక్కి, దుక్కి తరువాత నాట్లు. ఒకసారి ఆ పనిలో చేయి పెట్టిన పిల్లను జూన్‌లో తిరిగి పంపడానికి ఇంట్లో ఒక కారణం కావాలి. "చదువు" అనే కారణం పెద్దదే గాని కంటికి కనిపించదు. "నా పెట్టె అక్కడుంది" అన్నది కనిపించే కారణం. యాకమ్మ తల్లి పుట్టింటికి పోయినప్పుడల్లా ఒక చీర అక్కడే మరచినట్టు వదిలి వచ్చేదట. దాన్ని తెచ్చుకోవడానికి మళ్ళీ పోవడానికి. ఆ ఉపాయాన్ని యాకమ్మ పిల్లలకు నేర్పింది. 1976 నుంచి ఆమె ప్రతి పెట్టెలోనూ ఒక ఇష్టమైన వస్తువు వదిలించి, తాళంచెవి ఆ పిల్ల మెడలో కట్టి పంపింది. ఆ తరువాతి జూన్‌లలో రానివాళ్ళ సంఖ్య పది నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు తగ్గింది. ఏ అధికారీ ఆ తేడాను గమనించలేదు. గమనించి ఉంటే దానికి తమ పేరు పెట్టుకునేవారు.

1981 ఏప్రిల్ 22న వార్డెన్ కమల యాకమ్మను పిలిచింది. కమలకు ముప్పై ఏళ్ళు; హనుమకొండ బజారులో దుకాణం ఉన్న ఇంటి బిడ్డ; ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. చెడ్డమనిషి కాదు. పైవాళ్ళంటే భయం.

"యాకమ్మా, ఈసారి ఒక్క వస్తువు కూడా ఉండొద్దు. పెట్టెలు స్టోరు రూముల పడేయాలె. పిల్లలు వాళ్ళ సొంత సామానంతా తీస్కపోవాలె. సర్కారిచ్చిన పళ్ళెం, దుప్పటి అప్పజెప్పి రిజిస్టర్ల సంతకం పెట్టి పోవాలె."

"ఎందుకు మేడమ్?"

"వచ్చే ఏడు నలభై సీట్లే అంట. జూన్‌ల మళ్ళ దరఖాస్తు పెట్టుకోవాలె. ముందు వచ్చినోళ్ళకు ముందు."

"కాయితం వచ్చిందా?"

"మీటింగుల చెప్పిన్రు."

"చెప్పిన్రా, రాసిచ్చిన్రా?"

కమల తల పైకెత్తింది. "నువ్వు నాకు రూల్స్ నేర్పుతానవా?"

"నాకు రూల్స్ ఏమెరుక మేడమ్. నాకు మూటలెరుక."

ఆ నోటి ఉత్తర్వు అర్థాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. అరవై మంది పిల్లల్లో ఇరవై మందిని తొలగించాలి. తొలగించినట్టు కాగితం మీద ఉండకూడదు. కనుక పిల్లలే తమంతట తాము వస్తువులు అప్పగించి వెళ్ళిపోయినట్టు సంతకాలు ఉండాలి. జూన్ మొదటి వారంలో, ఎవరి ఇల్లు పట్నానికి దగ్గరో వాళ్ళు ముందు వస్తారు. ఎవరి ఇల్లు అడవిలో ఉందో వాళ్ళకు ఆ వార్తే చేరదు. దీన్ని పొరపాటు అనడానికి వీల్లేదు. పొరపాటుకు ఇంత పొందిక ఉండదు.

ఆ ఇరవై మందిలో ఎవరుంటారో యాకమ్మకు తెలుసు. అందరికంటే ముందు సమ్మమ్మ ఉంటుంది. సమ్మమ్మ తొమ్మిదవ తరగతి రాసింది. ఏటూరునాగారం దాటి, బస్సు దిగి నాలుగు కోసులు నడవాలి. తండ్రి లేడు, తల్లీ ఆమే మేనమామ గట్టయ్య ఇంట్లో ఉంటారు. ఆ ఊరినుంచి పదవ తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల అంతవరకు లేదు. ఈ జూన్‌లో సీటు పోతే ఆ పిల్ల చదువు అక్కడితో సమాప్తం.

సమ్మమ్మకు ఒక అలవాటుంది. కనిపించిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతుంది. గోడమీది ప్రకటన, సబ్బు కాగితం, సినిమా పోస్టరు, ఏదైనా. యాకమ్మకు వినడం ఇష్టం. ఆ సంక్రాంతి ముందు స్టోరు రూము దులుపుతున్నప్పుడు, వస్తువుల రిజిస్టరు మొదటి పుట మీద అచ్చువేసిన నియమాన్ని ఆ పిల్ల పాఠంలాగా చదివి వినిపించింది. వాడుక కోసం ఇచ్చిన వస్తువులు, విద్యార్థిని పేరు హాజరుపట్టీలో ఉన్నంతకాలము ఆమె వద్దనే ఉండును. పేరు తొలగించునపుడు ఆమె స్వయముగా వాటిని అప్పగించి సంతకము చేయవలెను. చదువు రానివాళ్ళ చెవులు నమ్మకమైనవి. యాకమ్మ ఆ రెండు వాక్యాలనూ దాచుకుంది.

ఇప్పుడు ఆమె తర్కాన్ని చూడండి. ఇన్నేళ్ళూ పిల్ల వస్తువును హాస్టల్లో ఉంచి పిల్లను వెనక్కి రప్పించింది. ఆ దారి మూశారు. అయితే హాస్టల్ వస్తువును పిల్ల దగ్గర ఉంచితే? పళ్ళెం పిల్ల దగ్గర ఉన్నంతకాలం పేరు పట్టీలో ఉంటుంది. పేరు పట్టీలో ఉన్నంతకాలం సీటు ఖాళీ కాదు. న్యాయశాస్త్రం చదివినవారు దీన్ని నాలుగు పుటల్లో వాదించేవారు. యాకమ్మ ఒక ముడిలో వాదించింది.

మర్నాడు వరండాలో మూటలు కట్టించేటప్పుడు ప్రతి పిల్లకూ చెప్పింది. "సర్కారిచ్చిన చెద్దరు పరిచి దాంట్లనే అన్నీ పెట్టు. అన్నిటికంటే పైన పల్లెం పెట్టు."

సమ్మమ్మ బెదిరింది. "సర్కారు పల్లెం అవ్వా. దొంగతనమంటరు."

"దొంగతనమైతే అడుగున పెడ్తరు బిడ్డా. మనం పైన పెడ్తానం."

"నాదొక్కదాన్నే సూస్తే?"

"ఒక్కలది పెడితే దొంగతనమంటరు. అరవై మందిది పెడితే పద్ధతంటరు. జర ధైర్నం తెచ్చుకో. రేపు లైన్ల ముందుగాల నువ్వే నిలవడాలె."

24వ తేదీ ఉదయం కమల గేటు దగ్గర బల్ల వేయించి, రిజిస్టరు తెరిచి కూర్చుంది. వరుసలో మొదట సమ్మమ్మ. మూట విప్పమన్నది. ఒక్క గుంజుకు ముడి విడిపోయింది. అన్నిటికంటే పైన, ఎండకు తళతళలాడుతూ సత్తు పళ్ళెం. అంచు మీద కొట్టిన సంఖ్య ఇరవై ఏడు.

"ఇదేంది?"

"పల్లెం మేడమ్," అన్నది సమ్మమ్మ.

"పళ్ళెమని నాకూ కనబడ్తాంది! ఎవరు పెట్టమన్నరు?"

"నేనే మేడమ్," యాకమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "అందరి మూటలల్ల ఉన్నది. చెద్దరైతే మూటకే కట్టినం. మీరు ఇంకోటి విప్పి చూడున్రి, అట్లనే ఉంటది."

"నీ నౌకరి పోతది, తెలుస్తాందా?"

"తెలుస్తాంది. మొదటి పుట జర చదువున్రి. పిల్ల పేరు పట్టీల ఉన్నన్ని దినాలు సామాను పిల్ల దగ్గరే ఉంటదని అచ్చేసిన్రు. పేరు కొట్టేసినంక ఇయ్యాలెనట. కొట్టేసిన్రా మేడమ్? కొట్టేస్తే ఇయ్యాల్నే కొట్టేసినమని ఒక్కొక్కలకు రాసి, మీ దస్తకతు పెట్టియ్యున్రి. పల్లెం ఇచ్చిపోతరు."

కమల మొదటి పుట తిప్పింది. చదివింది. మళ్ళీ చదివింది. ఆమె ముందున్న దారులు మూడు. దొంగతనమని ఫిర్యాదు చేయవచ్చు. కాని పట్టపగలు గేటు దగ్గర అందరిముందు పైన పెట్టి చూపిన వస్తువును దొంగతనమని ఏ న్యాయస్థానం ముందూ నిలబెట్టలేదు. పేర్లు తొలగించినట్టు తన చేవ్రాలుతో రాసి ఇవ్వవచ్చు. కాని ఆ పని చేయమని ఆమెకు ఎవరూ రాసి ఇవ్వలేదు, రేపు ప్రశ్న వస్తే మీటింగులో చెప్పినవారు చెప్పలేదంటారు. మూడవది, రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాయడం.

వరుసలో యాభై తొమ్మిది మంది, మూటలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ములుగు బస్సుకు అరగంట ఉంది.

"పేరు చెప్పు," అన్నది కమల, కలం తీసి.

"సమ్మమ్మ. పల్లెం నంబరు ఇరవై ఏడు."

"తీసుకపోతాన్న, జూన్‌ల తెస్త అని రాసి సంతకం పెట్టు. నీటుగ రాయి." తరువాత, తల ఎత్తకుండానే, "యాకమ్మా, నువ్వు నన్ను ముంచుతానవు" అన్నది.

"మీరు మునగరు మేడమ్. రాసిపెట్టినోళ్ళు మునగరు."

ఆ పుటను నేను చూశాను. అరవై సంతకాలున్నాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో నేను చూసిన కాగితాల్లో అంతకంటే నిజాయితీ గలది లేదు.

జూన్ 15 సోమవారం బడులు తెరిచారు. పట్టీలో అరవై పేర్లూ ఉన్నాయి గనుక నలభై సీట్ల మాట నోటిమాటగానే మిగిలి, నెమ్మదిగా చచ్చింది. మూడు రోజుల్లో యాభై ఆరు మంది వచ్చారు. సమ్మమ్మ రాలేదు. యాకమ్మ ప్రతి మధ్యాహ్నం ఏటూరునాగారం బస్సు వేళకు గేటు దగ్గర నిలబడేది.

"రాకపోతే ఎట్ల?" అని వంటమనిషి అడిగింది.

"సర్కారు పల్లెం ఇంట్ల పెట్టుకోని ఎవలు నిద్రపోతరు? వస్తది."

ఈ లెక్కలో సగమే సరైనది. గురువారం నాడు గట్టయ్య వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. నెత్తి మీద చిన్న మూట.

"యాకమ్మంటే నువ్వేనా అక్కా?"

"నేనే. పిల్లేది?"

"పిల్ల రాదు. మీ సామాను ఇచ్చిపోదామని వచ్చిన. పల్లెం చింతపండు పెట్టి తోమిచ్చిన. చెద్దరు ఉతికిచ్చిన. సూస్కో, సొట్ట సుత లేదు."

యాకమ్మ పొరపాటు ఇక్కడ బయటపడింది. అప్పగించవలసిన వస్తువు పిల్లను లాక్కొస్తుందని ఆమె నమ్మింది. కాని గట్టయ్యది ఎండు కట్టెపుల్లకు కూడా అడవి జవాన్లకు సంజాయిషీ చెప్పుకుంటూ బతికిన ఊరు. అలాంటి ఊరి మనిషి ప్రభుత్వ వస్తువును తన కప్పు కింద ఒక్క రోజు ఎక్కువ ఉంచడు. పిల్లను పంపినా పంపకపోయినా పళ్ళేన్ని మాత్రం తప్పక పంపుతాడు. యాకమ్మ కట్టిన ముడి పట్టు తప్పింది. ఆ మూట ఇప్పుడు రిజిస్టరు బల్ల మీదికి చేరితే సమ్మమ్మ పేరు మీద గీత పడుతుంది.

"ఎందుకు రాదు?"

"నాట్లకు మనిషి తక్కువున్నది. మా అక్కకు నడుం పట్టింది, వంగలేకపోతాంది. పదోది సదివినా గంతే, సదవకున్నా గంతే. తీస్కో అక్కా, బస్సుకు పోవాలె."

యాకమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "నేను ముట్ట."

"ముట్టకుంటే ఈడ పెట్టిపోత."

"పెట్టిపో. పొద్దుగూకంగ ఏ కుక్కనో గుంజుకపోతది. పేరు మీ పిల్లది. ఊరు మీది."

"గదేంది అక్కా! నాలుగు కోసులు నడిచి, బస్సుల నిలవడి వచ్చిన! నిజాయితిగ తెచ్చినందుకు గిట్లనా?"

"నీ నిజాయితికి దండం పెడ్త తమ్మీ. కని సంతకం పెట్టింది నువ్వు గాదు."

గొంతులు పెరిగితే కమల బయటికి వచ్చింది. గట్టయ్య ఆమె ముందు మూట దించి, సంగతంతా చెప్పాడు. అప్పుడు కమల చేతిలో ఉంది అంతా. ఒక గీత గీస్తే అయిపోయేది. ఆమె రిజిస్టరు తెప్పించి, ఏప్రిల్ పుట తీసి, వేలితో వెతికింది.

"ఈ సంతకం ఎవరిది?"

"మా పిల్లదే మేడమ్."

"అయితే పిల్లనే రావాలె. స్వయంగ అప్పజెప్పాలె అని రూలున్నది. మీ దగ్గర తీసుకుంటే రేపు నన్నడుగుతరు, పిల్ల సంతకమేదని. నేనేం చెప్పాలె?"

"నేను ఏలుముద్ర ఏస్త."

"మీ వేలుముద్ర నాకెందుకు? పళ్ళెం మీరు తీసుకున్నరా?"

గట్టయ్య ఇద్దరి ముఖాలూ చూశాడు. మూట నెత్తికెత్తుకున్నాడు. "ఒక్క పల్లేనికి రెండుసార్లు తిప్పుతాన్లు. మంచిగున్నది మీ సర్కారు!" అనుకుంటూ గేటు దాటాడు. ఆ కోపంలో న్యాయముంది. బస్సు కిరాయి అతనిదే, కాళ్ళూ అతనివే. నియమం ఒక పిల్లకు మేలు చేసిన రోజున కూడా దాని బరువు పేదవాడి మెడ మీదనే పడిందని రాసిపెట్టడం అవసరం.

కమల లోపలికి పోతూ ఆగింది. "వస్తదా?"

"వస్తది మేడమ్. సంతకం పెట్టి పోతదా, ఉంటదా, గది నా చేతుల లేదు. దాని నోరు దానికున్నది."

సోమవారం, జూన్ 22న, మేనమామ, మేనకోడలు వచ్చారు. గట్టయ్య నెత్తి మీద మూట ఉంది. చెమటతో తడిసి, వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"పోయినసారి తేలిగ్గనే ఉండె. ఈసారి మెడ ఇరుగుతాంది. వాన నీళ్ళు పట్టినయో ఏమో చెద్దరుకు."

సమ్మమ్మ నేల చూపులు చూస్తోంది. రెండు నెలల ఎండకు నల్లబడింది. వేళ్ళ సందుల్లో తునికాకు కోతల గీరలు ఇంకా మానలేదు. కమల రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచింది.

"సమ్మమ్మా, అప్పజెప్పి పోతే ఈడ సంతకం. ఉంటే సంతకం అక్కరలేదు. నువ్వే చెప్పాలె."

"పెట్టు బిడ్డా," అన్నాడు గట్టయ్య. "బస్సుకు యాల్లయితాంది."

యాకమ్మ గుంజకు ఆనుకుని నిలబడింది. పిల్లవైపు చూడలేదు, చూస్తే చెప్పినట్టవుతుందని.

సమ్మమ్మ కలం ముట్టలేదు. మూట దగ్గర కూర్చుని ముడి గుంజింది. పైన పళ్ళెం. పళ్ళెం తీసింది. దాని కింద లంగాలు రెండు, దువ్వెన, మడిచిన ఓణీ. ఓణీ కింద పదవ తరగతి పుస్తకాలు, ఎవరో పాసైన పిల్లవాడి దగ్గర అడిగి తెచ్చినవి, నడిమధ్యలో, అంచులు కలిపి, బరువు ఎటూ ఒరగకుండా.

గట్టయ్య వంగి చూశాడు.

"గందుకేనా గింత బరువున్నది! నా నెత్తి మీదనే పెట్టి నాలుగు కోసులు మోపిచ్చినవా?"

"నేను కట్టలే మామా," అన్నది సమ్మమ్మ. "మా అవ్వ కట్టింది."

"మా అక్క? నడుం లేస్తలేదన్నది!"

"కూసోని కట్టింది. నువ్వు ఎద్దులకు నీళ్ళు పెట్టబోయినప్పుడు. నాట్లకు మొగిలయ్య మామ పెండ్లాన్ని అడిగిందట. వస్తనన్నదట. నువ్వు అవ్వను అడగనే లేదు గదా మామా, నన్ను పంపాల్నా వద్దా అని."

కమల కలానికి మూత పెట్టింది. యాకమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టయ్య చేతికిచ్చింది. అతడు తాగి, మూతి తుడుచుకుని, పుస్తకాల వైపు మరోసారి చూశాడు.

"దసర సెలవులు ఎప్పటిసంది?"

"అక్టోబర్ మొదటి వారంల," అన్నది కమల.

"తోల్కపోను నేను రాను," అన్నాడు గట్టయ్య లేస్తూ, కండువా దులుపుకుంటూ. "మా అక్కనే రమ్మంట. తల్లీబిడ్డలిద్దరు ఒక్కటైనంక నడుమ నేనెందుకు మోసుడు?"

అని గేటు దాకా పోయి, ఆగి, వెనక్కి తిరిగి, "అక్కా, బస్సున్నదా పోయిందా?" అని అడిగాడు.

"పోయింది," అన్నది యాకమ్మ. "వచ్చి అన్నం తిను."